రూపాయికో టికెట్

ఆర్టీసీలో 32 ఏళ్లు కండక్టర్‌గా చేసి 2024 జూన్‌లో రిటైరయ్యాను. చివరి ఆరు నెలలు నేను ఎక్కువగా ఇచ్చినవి జీరో టికెట్లు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. అయినా ఆధార్ చూసి టికెట్ కొట్టివ్వాల్సిందే. లింగంపల్లిలో కూరగాయల గంప ఎత్తుకుని ఎక్కే ఒకామె రోజూ అడిగేది: ''పైసలే లేనప్పుడు టికెట్ ఎందుకు సారూ?'' ''లెక్కమ్మా'' అనేవాణ్ని. సున్నా రూపాయలకూ లెక్క చూపించాల్సిన కొలువు నాది.

అలాంటి నా చేతిలో 2025 దసరా ముందు ఒక కార్ల షోరూం వాళ్లు తెల్లకాగితం పెట్టారు. దానిమీద అడుగున రాసిన అంకె పది లక్షల అరవై వేలు. సంతకం లేదు, స్టాంపు లేదు, తేదీ లేదు. ఆ కాగితం గురించి రాద్దామనే ఇది.

మేముండేది హైదరాబాద్ గోపన్‌పల్లిలో, మా అమ్మాయి అద్దెకు తీసుకున్న ఫ్లాటులో. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇటువైపు సర్వీసంటే డ్రైవర్ మొహం చిట్లించేవాడు. రాళ్లగుట్టలు, యూనివర్సిటీ గోడ, తండా, అంతే. ఇప్పుడు ఎటు చూసినా ముప్పై అంతస్తులు. తండా జంక్షన్‌లో 2024 జులైలో ఫ్లైఓవర్ కూడా తెరిచారు. కార్లు ఆగకుండా పోతున్నాయి. కారు లేనివాడు మాత్రం కిందే ఆగుతున్నాడు. మెట్రో రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. ఎంఎంటీఎస్ ఎక్కాలంటే లింగంపల్లి పోవాలి. అమ్మాయి ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. రాత్రి షిఫ్టు దిగాక క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి ''ఎక్కడికి మేడం?'' అని అడిగి, గోపన్‌పల్లి అనగానే క్యాన్సిల్ కొట్టేవాడు. ''డాడీ, ఇక కారు తీసుకుందాం'' అంది. బస్సును నమ్ముకుని బతికినవాడి కూతురు కారు కొంటానంటే కొంచెం చివుక్కుమంది. కానీ ఆ పూట బస్సు లేదని చెప్పాల్సింది నేనే కదా.

సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ లోపు, పొడవు నాలుగు మీటర్ల లోపు ఉంటే 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు పోయి 18 శాతం అయింది. నవరాత్రులు అదే రోజు మొదలయ్యాయి. షోరూంలో జాతరే. కూర్చోడానికి కుర్చీ దొరకలేదు గానీ కూల్‌డ్రింకు మాత్రం దొరికింది.

మా దగ్గరికి వచ్చిన కుర్రాడికి పాతికేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, కళ్లలో నిద్రలేమి. నన్ను ''అంకుల్'' అన్నాడు, అమ్మాయిని ''మేడం'' అన్నాడు, మా ఆవిడను ''అమ్మా'' అని వంగి నమస్కారం పెట్టాడు. ఆవిడ అక్కడే పడిపోయింది. ''డిస్కౌంట్ ఎంత తమ్మీ?'' అని అడిగాను. ''జీఎస్టీ తగ్గింది కదా అంకుల్, అదే డిస్కౌంట్'' అన్నాడు. సర్కారు తగ్గించిన పన్ను వాళ్ల ఖాతాలో పడిపోయింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని నేను చెప్పిన తెల్లకాగితం తీసిచ్చాడు.

కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివాను. ఎక్స్ షోరూం ధర 8,40,000. లైఫ్ ట్యాక్స్ 1,17,600. ఇన్సూరెన్స్ 46,800. బేసిక్ కిట్ 18,500. ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,200. హ్యాండ్లింగ్ అండ్ లాజిస్టిక్స్ 9,500. పెయింట్ కోటింగ్ 8,000. ఆర్టీఏ చార్జీలు 4,800. ఫాస్టాగ్ 600. మొత్తం 10,60,000.

ఇందులో మొదటి రెండు వరుసల మీద పేచీ లేదు. ఐదు నుంచి పది లక్షల మధ్య కారుకు మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ 14 శాతం, లెక్క సరిపోయింది. మూడో వరుస నుంచే నాలోని కండక్టర్ లేచాడు.

''ఇన్సూరెన్స్ బయట తీసుకుంటాం'' అంది అమ్మాయి. కుర్రాడి మొహం మారింది. ''బయటి పాలసీకి క్యాష్‌లెస్ ఉండదు మేడం. రేపు యాక్సిడెంట్ అయితే తిరగాల్సి వస్తది. అయినా మా సిస్టంల ఇక్కడి ఇన్సూరెన్స్ లేకుంటే డెలివరీ ఆర్డర్ రాదు.'' సిస్టం అన్నమాట విని నవ్వొచ్చింది. నా చేతిలోనూ టికెట్లు కొట్టే టిమ్ము మిషన్ అనే సిస్టం ఉండేది. అది నేను నొక్కిన బటనే వినేది.

ఇన్సూరెన్స్ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి వచ్చిన నిబంధన ఇది. ఆ ప్రీమియం ఎంతన్నది ప్రభుత్వం ఖరారు చేస్తుంది. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కారుకు మేం కొన్నప్పుడు మూడేళ్లకు 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. షోరూంలో కొన్నా, ఇంట్లో కూర్చుని ఫోన్లో కొన్నా అదే అంకె. తేడా అంతా మన బండికి దెబ్బతగిలితే ఇచ్చే భాగంలో ఉంటుంది. దాన్ని ఏడాదికి తీసుకుంటే చాలు. మా అమ్మాయి అదే కారు విలువకు, అవే రక్షణలతో ఆన్‌లైన్లో చూస్తే అంతా కలిపి 33,900. అంటే 12,900 తేడా. అదే తీసుకున్నాం. క్యాష్‌లెస్ అన్నది బీమా కంపెనీకి, ఆ వర్క్‌షాపుకు మధ్య ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాలసీ ఎవరు అమ్మారన్నదాన్ని బట్టి కాదు. డీలర్లు బీమా అమ్మడానికి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో నిబంధనలు పెట్టింది. తమ దగ్గరే కొనాలని కొనేవాణ్ని బలవంతపెట్టకూడదని అందులోనే ఉంది. ఇంకో మాట. యజమానికి 15 లక్షల ప్రమాద బీమా అని పాలసీలో కలిపి వేస్తారు. అంత కవరేజీ ఉన్న పాలసీ మీకు ముందే ఉంటే మళ్లీ కొనక్కర్లేదు. అడిగేదాకా ఎవరూ చెప్పరు.

బేసిక్ కిట్ ఏముందో విప్పి చూపించమన్నాను. మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, సీటు కవర్లు, స్టీరింగ్ కవరు, కీచైను, సెంటు సీసా. ''బేసిక్ కిట్ కంపల్సరీ అంకుల్.'' కంపెనీ ఫ్యాక్టరీ నుంచి పంపిన కారులో లేనిది కంపల్సరీ ఎలా అవుతుంది? సెంటు సీసా లేకపోతే పోలీసు చలానా రాస్తాడా? మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు చాలన్నాం. 3,200.

హ్యాండ్లింగ్ దగ్గర పెద్ద పంచాయితీయే నడిచింది. స్టాక్‌యార్డు నుంచి షోరూం దాకా కారు తెచ్చి, కడిగి, తుడిచినందుకు అట. అమ్మే సరుకును అంగడికి తెచ్చుకోవడం అమ్మేవాడి పని. కిరాణా కొట్టువాడు బేగంబజార్ నుంచి బియ్యం బస్తా తెచ్చినందుకు నా దగ్గర ఆటో కిరాయి అడగడు కదా. ఈ చార్జీలు వసూలు చేయొద్దని రవాణా శాఖ అధికారులు డీలర్లను హెచ్చరించిన సందర్భాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. పేరు మాత్రం మారుతూ ఉంటుంది. ఒక చోట హ్యాండ్లింగ్, ఇంకో చోట లాజిస్టిక్స్, మరోచోట ఫెసిలిటేషన్. ''సరే, ఇస్తాను. జీఎస్టీ నంబరున్న బిల్లు మీద ఇదే పేరు రాసి సంతకం పెట్టివ్వు'' అన్నాను. కుర్రాడు లోపలికి పోయాడు. మేనేజర్ వచ్చాడు. అరగంట తర్వాత ఆ వరుస మాయమైంది. బిల్లు ఇవ్వలేని రూపాయి అడగదగిన రూపాయి కాదని వాళ్లకూ తెలుసు.

ఆర్టీఏ చార్జీల వరుస కూడా అంతే. కేంద్ర నిబంధనల ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ ఫీజు 600. బ్యాంకు లోను ఉంటే హైపోథికేషన్‌కు 1,500. పైన కార్డు, సర్వీసు చార్జీలు. రసీదు చూపించాకే ఇస్తామన్నాం, 3,100కు దిగింది. నంబరు ప్లేటుకు వేరే అడిగితే అసలే ఇవ్వొద్దు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండికి హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీయే ఇవ్వాలి, దాని ఖరీదు కారు ధరలోనే ఉంటుంది. కోటింగ్ వద్దన్నాం. వారంటీ ఒక్కటి మాత్రం నాకే కావాలనిపించి ఉంచుకున్నాను. అవసరమైనదాన్ని కొనడం తప్పు కాదు. అడగకుండా బిల్లులో వేయడమే తప్పు.

చివరికి మేం కట్టింది 10,12,600. తెల్లకాగితానికీ మా రసీదులకూ తేడా 47,400 రూపాయలు. ఒక్క రూపాయి కూడా బేరమాడి తగ్గించుకున్నది కాదు. ప్రతి వరుసకూ ఒకే ప్రశ్న అడిగాం: దీనికి టికెట్ ఏదీ?

ఇదంతా చదివి ఆ కుర్రాడి మీద కోపం తెచ్చుకోకండి. నాకు కోపం లేదు. రెండో రోజు బయట టీ కొట్టు దగ్గర కలిశాడు. ''అంకుల్, కారు అమ్మితే మాకు మిగిలేది తక్కువ. ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, వారంటీ, లోను, వీటిమీదే మా ఇన్సెంటివ్. మీ కారు నా టార్గెట్‌ల పడ్డది గానీ పైసలల్ల పడలే'' అన్నాడు. నెలాఖరుకు ఎన్ని కార్లమ్మావని కాదు, కారుకు ఎంత తగిలించావని అడుగుతారట. డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, అట్టతో చేసిన పెద్ద తాళంచెవి మా చేతికిచ్చి ఫొటో తీశాడు. ఆ తర్వాత చెవిలో చెప్పాడు: ''కంపెనీ నుంచి ఫోన్ వస్తది అంకుల్. టెన్ అవుట్ ఆఫ్ టెన్ చెప్పండ్రి. తొమ్మిది చెప్పినా మాకు కట్ అయితది.'' పదే చెప్పాను. ఆ కుర్రాడికి చెప్పాను. అయితే ఆ పది మార్కులు తెల్లకాగితానికి కూడా పడిపోయాయి. దానికి వేరే మార్కులు అడిగే ఫోన్ ఎవరికీ రాదు.

షోరూం యజమానుల వాదనా విన్నాను. కొండాపూర్, గచ్చిబౌలిలో అద్దెలు మండిపోతున్నాయి, కార్ల మీద కంపెనీ ఇచ్చే మార్జిన్ తక్కువ, అమ్ముడుపోని స్టాకుకు వడ్డీ కట్టాలి, ఇవన్నీ ఎక్కడి నుంచి తేవాలి అంటారు. నిజమే కావచ్చు. మా ఆర్టీసీ కంటే నష్టాలు తెలిసినవాళ్లెవరు? డీజిల్ ధర పెరిగిందని 2022 ఏప్రిల్‌లో సిటీ ఆర్డినరీలో టికెట్ మీద రెండు రూపాయల సెస్సు వేశారు. జనం నన్ను తిట్టారు. మెహదీపట్నం నుంచి లింగంపల్లి దాకా స్టేజీకొకరు తిట్టారు. పడ్డాను. కానీ ఆ రెండు రూపాయలు టికెట్‌లోనే ఉన్నాయి. సంస్థ నష్టాల్లో ఉందని చెప్పి నేను టికెట్ కొట్టకుండా రెండు రూపాయలు జేబులో వేసుకుని ఉంటే, తర్వాతి స్టాపులో స్క్వాడ్ ఎక్కి నా ఉద్యోగం తీసేసేది. నష్టం వస్తే ధర పెంచండి. పెంచిన ధర బోర్డు మీద రాయండి. ఇష్టమున్నవాడు కొంటాడు, లేనివాడు పక్క షోరూంకు పోతాడు. దాన్ని వ్యాపారమంటారు.

ఒకప్పుడు స్కూటర్‌కు ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లం. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కాక కారుకూ అంతే. ధర ఖాయంగా ఉండేది, బండే దొరికేది కాదు. ఇప్పుడు బండి దొరుకుతోంది, ధర దొరకడం లేదు. ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం మీద ఎంఆర్‌పీ అచ్చేసే దేశంలో పది లక్షల కారు అసలు ధర తెలియాలంటే నాలుగు షోరూంలు తిరగాలి, అదీ ఫోన్ నంబరు ఇచ్చాకే చెబుతారు. ఆ తర్వాత నెల రోజులు ఫోన్ మోగుతూనే ఉంటుంది.

అమెరికాలో ఉంటున్న మా తమ్ముడి కొడుకు ఒకసారి చెప్పాడు, అక్కడ కొత్త కారు అద్దానికి ధరల కాగితం అంటించి ఉంటుందని. 1958లో చేసిన చట్టమది. ఓక్లహోమా సెనేటర్ మన్రోనీ తెచ్చాడు కాబట్టి ఆ కాగితానికి ఆయన పేరే నిలిచింది. కంపెనీ ధర, అదనపు సామగ్రి ధర, రవాణా ఖర్చు విడివిడిగా ఉండాలి. కొనేవాడి చేతికి వెళ్లకముందు ఆ కాగితం పీకడం నేరం. అంతున్నా అక్కడి డీలర్లు తక్కువ తినలేదు. చెప్పకుండా తగిలించే చార్జీలను అడ్డుకోవాలని అక్కడి వాణిజ్య కమిషన్ 2023 చివర్లో కొత్త నిబంధన తెస్తే, డీలర్ల సంఘాలు కోర్టుకెళ్లి 2025 జనవరిలో కొట్టేయించాయి. కాబట్టి చట్టం ఒక్కటే చాలదు. కానీ కాగితం లేకుండా పోట్లాట మొదలే కాదు.

పెద్ద కంపెనీ బోర్డు ఉంది కదా, ఏదైనా జరిగితే కంపెనీ చూసుకుంటుందని మనలో చాలామంది ధీమా. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన టాటా మోటార్స్ తీర్పు చదివితే ఆ ధీమా పోతుంది. గోవాలో ఒకాయన 2011 మోడల్‌కు డబ్బు కడితే డీలర్ 2009లో తయారైన కారు అంటగట్టాడు. ఆయన కంపెనీనీ బాధ్యురాలిని చేయమన్నాడు. కంపెనీ డీలర్‌కు అమ్ముతుంది, డీలర్ మనకు అమ్ముతాడు, వాళ్లిద్దరిదీ సరుకు కొని అమ్ముకునే సంబంధమే, డీలర్ చేసిన తప్పును ఆధారం లేకుండా కంపెనీకి అంటగట్టలేమని కోర్టు తేల్చింది. అందుకే డబ్బంతా కట్టకముందే, రిజిస్ట్రేషన్ కాకముందే కారును కళ్లతో చూడాలి. మా నాయిన సర్దార్‌నగర్ సంతలో ఎద్దును కొనేముందు నోరు తెరిచి పళ్లు చూసేవాడు. నేను మా డిపో డ్రైవర్‌ను వెంటబెట్టుకుని యార్డుకు పోయాను. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారమో, తర్వాతి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. డీలర్ ఇచ్చే ఫారం 21లో కారు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఛాసిస్ నంబరును కాగితంలోని నంబరుతో పోల్చుకోవాలి. ఇది అనుమానం కాదు, పళ్లు చూడటమే.

ఇంకొన్ని సంగతులు క్లుప్తంగా. బుకింగ్ డబ్బు సేల్స్‌మన్ సొంత ఫోన్ నంబరుకు పంపకండి, సంస్థ ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. కారు విలువ పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది చార్జీ కాదు, మీ పాన్ మీద జమయ్యే పన్ను. రిటర్నులో చూపించుకోవచ్చు. ఎలక్ట్రిక్ కారు కొంటుంటే 2026 డిసెంబరు 31 వరకు మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, ఆ వరుసలు కాగితంలో కనిపిస్తే వేలు పెట్టి చూపించండి. మోసపోయాక తెలిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. వకీలు ఉండి తీరాలని లేదు. ఐదు నుంచి పది లక్షల మధ్య కొనుగోలుకు ఫీజు 200 రూపాయలు, పది నుంచి ఇరవై లక్షలకు 400. ఐదు లక్షల లోపైతే అసలే లేదు.

ఇక రవాణా శాఖకు ఒక మనవి. టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా షోరూం నుంచి కారు కదలదు. ఆ నంబరు ఇచ్చే కంప్యూటర్ మీదే కారు ధర, పన్ను నమోదవుతున్నాయి. అదే తెర మీద డీలర్ కొనేవాడి దగ్గర తీసుకున్న ప్రతి రూపాయినీ పేరుతో సహా నమోదు చేయాలని, ఆ జాబితా కొనేవాడి ఫోన్‌కు వెళ్లాకే టీఆర్ రావాలని ఒక్క నిబంధన పెట్టండి. కొత్త ఆఫీసులు అక్కర్లేదు, కొత్త ఉద్యోగులు అక్కర్లేదు. నా చేతిలో ఇంత చిన్న మిషన్ పెట్టి కిక్కిరిసిన 216 నంబరు బస్సులో ప్రతి మనిషికీ టికెట్ ఇప్పించారు. ఏసీ గదిలో కూర్చుని రోజుకు పది కార్లమ్మే వాళ్లతో ఇప్పించలేరా?

మా బస్సుల్లో రాసి ఉండేది: టికెట్ లేని ప్రయాణం నేరం. ప్రయాణికుడి జేబులో పది రూపాయలున్నా ఆ మాట వర్తించేది. మీరు షోరూంలో కట్టేది పది లక్షలు. టికెట్ అడగడానికి సిగ్గుపడకండి.